పెదనాన్నకు చెప్పిన పెద్ద కప్పు

కిందటి వారం వీరభద్రరావుని మరీ ఇరకాటంలో వదిలేశాం. క్రాంజీ బే కాలేజీ కుర్రాళ్ళు ఫైనల్ ఆడుతున్నారు, సగం ఆట ముగియడానికి ఇంకాస్తే ఉంది, కోచ్ గారి జేబులో ఫోన్ ఆగకుండా కొట్టుకుంటోంది. తీసి చూస్తే ఓబయ్య పేరు. ఓబయ్య అంటే జట్టుకి ప్రాణంలాంటి కుర్రాడు కృష్ణచైతన్య ఉన్నాడే, మన చైతు, వాడి తండ్రి. ఈ సీజన్ మొత్తంలో ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యని మనిషి.

మధ్యలో చేరినవాళ్ళ కోసం రెండు ముక్కలు. వీరభద్రరావుది ఒంగోలు. పగలు బ్యాంకులో కంప్యూటర్ల పని, సాయంత్రం కాలేజీ కుర్రాళ్ళకి బాస్కెట్‌బాల్ నేర్పడం. సింగపూర్ కాలేజీలన్నిటికీ కలిపి జరిగే ఛాంపియన్‌షిప్‌కి వాళ్ళ జట్టు వెంట్రుకవాసిలో ఎక్కలేకపోయింది. అలా ఎక్కలేకపోయిన జట్లన్నిటికీ సీజన్ చివర ఇంకో టోర్నమెంట్ పెడతారు. దాని పేరు ప్లేట్. ఇప్పుడు ఆడుతున్నది దాని ఫైనలే. ఏదో ఒకటి గెలుచుకురండి, లేకపోతే వచ్చే ఏడు జట్టు ఉండదు అని కాలేజీవాళ్ళు మొహం మీదే చెప్పేశారు.

సరే, వీరభద్రరావు ఫోన్ ఎత్తాడు.

"అన్నా, నేను ఓబయ్యని. మా మీనా ఫోన్ తియ్యట్లేదు. అక్కడుందా?"

"పైన కూర్చున్నట్టుందయ్యా. ఆట నడుస్తా ఉంది, తర్వాత..."

"అన్నయ్య కళ్ళు తెరిచేడన్నా. మళ్ళీ అడుగుతున్నాడు, ఆట అయిపోయిందా అని."

"ఏ అన్నయ్య? అసలు నువ్వు ఎక్కడున్నావు?"

"జొహోర్‌లో. ఆస్పత్రిలో. బాబ్జీ అన్నయ్య దగ్గర. మీనా మీకు చెప్పలేదా? డాక్టరు ఇంక లాభం లేదన్నాడన్నా. చెప్పుకోవలసిన మాటలేవైనా ఉంటే ఇప్పుడే చెప్పుకోమన్నాడు. చైతుకి మాత్రం చెప్పకు. ఆట అయ్యేదాకా చెప్పకు. నీ కాళ్ళట్టుకుంటాను."

బజర్ మోగింది. సగం ఆట అయిపోయింది. కుర్రాళ్ళు తువ్వాళ్ళు మెడలో వేసుకుని నవ్వుకుంటూ గదిలోకి వెళ్తుంటే, చైతు కోచ్‌కి బొటనవేలు చూపించి, "నాట్ బ్యాడ్ లా కోచ్, త్రీ ఓన్లీ!" అన్నాడు. మూడు పాయింట్లే వెనకబడ్డాం, కంగారు పడకండి అని వాడి భావం. వీరభద్రరావు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

బాబ్జీ ఎవరో ఆయనకి బాగా తెలుసు. ఆ జట్టులో తెలియనివాళ్ళు లేరు. ఓబయ్యా మీనా పెరాక్ తోటల్లో పుట్టిన మలేసియా తెలుగువాళ్ళు. పెళ్ళయిన కొత్తలో మలేసియా సరిహద్దు ఊరు జొహోర్‌లో ఉంటూ తెల్లారగట్ల బ్రిడ్జి దాటి సింగపూర్‌లో పనికి వచ్చేవాళ్ళు. పసివాడు చైతుని పెంచింది ఓబయ్య అన్నగారు బాబ్జీయే. పిల్లల్లేరు, భార్య ముందే పోయింది. లారీల మెకానిక్. షాపు వెనక గోడకి ఒక ఇనుప రింగు వెల్డింగ్ చేసి, దాంట్లో బంతి వెయ్యడం నేర్పాడు. వుడ్‌ల్యాండ్స్‌లో ఫ్లాట్ తీసుకుని సింగపూర్ వచ్చేశాక కూడా ప్రతి ఆట అవగానే చైతు మొదట ఫోన్ చేసేది పెదనాన్నకే. ఓడినా చేసేవాడు.

వీరభద్రరావు మెట్లెక్కి మీనా దగ్గరకి వెళ్ళాడు. మామూలుగా ఆవిడ ముందు వరసలో ఉంటుంది. జట్టుకంతటికీ ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తెస్తుంది, ఏ రింగులో బంతి పడినా చప్పట్లు కొడుతుంది, మనవాళ్ళా పైవాళ్ళా అని చూసుకోదు. ఇవాళ పై వరసలో తలుపు పక్కన ఒక బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొద్దున్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టినట్టు లేదు.

"మీనమ్మా, ఏందమ్మా ఇది?"

ఆవిడ చప్పున లేచింది. "ఆయన మీకు ఫోన్ చేసేరా? అయ్యో, ఈ మనిషికి బుద్ధి లేదు! ఎవరికీ చెప్పొద్దన్నాను కదా!"

"పెద్దాయన ఆస్పత్రిలో ఉంటే పిల్లోడికి చెప్పలేదా?"

"గొంతు బాగులేదు, మాట్లాడలేడు అని చెప్పేం."

"ఎన్నాళ్ళ నుంచి?"

ఆవిడ బ్యాగు జిప్పు సర్దుకుంది.

వీరభద్రరావుకి ఒళ్ళు మండిపోయింది. "మనోళ్ళకి ఇదో జబ్బమ్మా! పరీక్ష అని దాస్తారు, ఇంటర్వ్యూ అని దాస్తారు, ఇప్పుడు ఆటకి కూడా మొదలెట్టారా? మా నాయనమ్మ పోతే నాకు ఇంజనీరింగ్ పరీక్షలని దాచిపెట్టారు. ఇంటికి పోయేసరికి అన్నీ అయిపోయి మంచం గోడకి నిలబెట్టుంది. ఫస్ట్ క్లాసు వచ్చింది. ఏం చేసుకోను దాన్ని?"

"నాకు మాత్రం సరదానా సార్?" మీనా గొంతు పెరిగింది. "వాడికి ఎదురుగా అన్నం పెట్టి, నవ్వు మొహం పెట్టుకుని తిరగడం ఎంత సూసా, ఎంత కష్టమో మీకేం తెలుసు? బావగారే ఒట్టేయించుకున్నారు. నా చెయ్యి గట్టిగా పట్టుకుని మరీ. వాడి పెద్ద కప్పు అయ్యేదాకా నా సంగతి వాడికి చెప్పేవంటే నీతో మాట్లాడనమ్మా మీనా అన్నారు. సింగపూర్ మొత్తానికి పెద్ద కప్పట, నా మంచం పక్కన కూచోడానికి దాన్ని పాడుచేసుకుంటాడా అన్నారు. నేనేం చెయ్యను?"

"పెద్ద కప్పా?"

"అదే, ఛాంపియన్‌షిప్పు. చైతే చెప్పేడు పెదనాన్నకి. దీపావళికి వెళ్ళినప్పుడు. ఎక్కేం పెదనాన్నా, ఈసారి ఛాంపియన్‌షిప్పుకి ఎక్కేం అని. బావగారు షాపులో పనిచేసేవాళ్ళందరికీ బిర్యానీ పెట్టించేరు."

వీరభద్రరావు మెల్లిగా పక్క కుర్చీలో కూలబడ్డాడు. దీపావళి నాటికి ఛాంపియన్‌షిప్ తలుపులు మూసేసి వారం అయింది. కుర్రాడు పెదనాన్న మొహంలో సంతోషం చూడాలని ఒక అబద్ధం ఆడాడు. ఆ అబద్ధాన్ని నమ్ముకుని ఆయన ఒట్టు వేయించుకున్నాడు. ఆ ఒట్టు కోసం ఈవిడ నోరు కట్టేసుకుంది. ముగ్గురూ ఒకరి మీద ఒకరికి ఉన్న ప్రేమతోనే ఎంత పని చేశారో చూశారా!

ఇంకో సంగతి. ప్లేట్‌ని తక్కువ చేసి మాట్లాడితే వీరభద్రరావు ఊరుకునేవాడు కాదు. ఓడినవాళ్ళ కప్పు అని ఏ కుర్రాడు నోరు జారినా కోర్టు చుట్టూ పరుగులు పెట్టించేవాడు. ఆ మాట ఇప్పుడు తన నోటితో తనే అనాల్సి వచ్చింది.

"అమ్మా, ఇది ఆ కప్పు కాదు."

"ఏ కప్పు?"

"ఛాంపియన్‌షిప్ వేరే. దానికి మనం ఎక్కలేదు. ఇది ప్లేట్. దానికి ఎక్కలేకపోయినోళ్ళందరికీ పెట్టే ఆట."

"అంటే, ఓడిపోయినోళ్ళ ఆటా?"

ఆయన తల ఊపాడు.

"మొన్న బావగారి మాట బాగానే ఉన్నాది సార్," అంది ఆవిడ. అరవలేదు. అరిచినా బాగుండేది. "మొన్న ఇడ్లీ కూడా తిన్నారు. ఈ సంగతి తెలిస్తే నాతో ఒట్టేయించుకునేవోరా? రమ్మను వాణ్ణి అనేవోరు. ఇద్దరూ కూచుని ఎన్ని కబుర్లాడుకునేవోరు! ఒక రోజంతా ఉండేవాడు వాడు ఆయన దగ్గర. ఆ రోజు నేను తీసేసేను." బ్యాగు భుజాన వేసుకుంది. "చాలు. ఒట్టూ లేదు గిట్టూ లేదు. వాడికి ఇప్పుడే చెప్పండి. నేను టాక్సీ పిలుస్తాను."

"చెప్తాను," అన్నాడు వీరభద్రరావు.

చెప్పాలనే గదిలోకి వెళ్ళాడు. వెళ్ళేసరికి చైతు బల్ల మీద నాలుగు సీసాల మూతలు పేర్చి, హఫీజ్ అనే కొత్త కుర్రాడికి ఎక్కడ నిలబడాలో చూపిస్తున్నాడు. పన్నెండుమంది వాడి చుట్టూ మూగి ఉన్నారు. వచ్చే ఏడు ఈ గదికి తాళం పడుతుందా పడదా అన్నది ఆ మూతల మీద ఉంది. వీరభద్రరావు నోరు తెరిచాడు. "డిఫెన్స్ గట్టిగా చెయ్యండి," అన్నాడు. అంతే వచ్చింది.

తిట్టుకోండి, నాకూ తిట్టాలనే ఉంది. ఇందాక మీనమ్మ మీద అంతెత్తున లేచిన మనిషి, తన దాకా వచ్చేసరికి చేసింది అదే కదా! చెడ్డవాడైతే మనకింత కోపం రాదు. మంచివాడు కనకే వస్తోంది.

మూడో క్వార్టర్ మొదలైంది. చైతు ఆడిన ఆట గురించి ఆ హాల్లో ఉన్నవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. బంతి వాడి చేతికి వస్తే చాలు, అవతలి జట్టు ఈస్ట్‌పాయింట్ కుర్రాళ్ళు ఇద్దరు మీద పడుతున్నారు. వాడు ఇద్దరి మధ్య నుంచి దూరిపోతున్నాడు. మూడు వెనక ఉన్నవాళ్ళు ఒకటి ముందుకొచ్చారు. విజిల్ పడినప్పుడల్లా వీరభద్రరావు ఇప్పుడు చెప్తాను అనుకున్నాడు. ఇంకో బాస్కెట్ పడనీ అనుకున్నాడు. జేబులో ఫోన్ రెండుసార్లు కొట్టుకుంది. తియ్యలేదు.

పైనుంచి మీనా చూస్తోంది. టాక్సీ వచ్చి గేటు దగ్గర నిలబడింది. కొడుకు ఇంకా పరిగెడుతూనే ఉన్నాడు, నవ్వుతూనే ఉన్నాడు. ఇది సంగతి తెలిసినవాడి నవ్వు కాదని ఆవిడకి అర్థమైపోయింది. క్వార్టర్ ముగిసిన బజర్ ఇంకా మోగుతుండగానే మెట్లు దిగి, అడ్డం వచ్చిన వాలంటీర్ అమ్మాయిని పక్కకి నెట్టి బెంచీ దగ్గరకి వచ్చేసింది.

"చెప్పేరా సార్?"

వీరభద్రరావు తల దించుకున్నాడు.

"చెప్పడం వాట్?" చైతు నీళ్ళ సీసా దించి ఇద్దరినీ చూశాడు. "అమ్మా, వై యూ కమ్ డౌన్? కెనాట్ లా, రిఫరీ చూస్తాడు."

"పెదనాన్న ఆస్పత్రిలో ఉన్నారురా. గొంతు కాదు. గుండె. నాన్న అక్కడే ఉన్నారు. ఇంక..."

చైతు సీసా కింద పెట్టాడు. చాలా నెమ్మదిగా, జాగ్రత్తగా పెట్టాడు.

"ఎప్పటి నుంచి?"

"బుధవారం నుంచి."

"వెన్స్‌డే! టుడే సాటర్‌డే, మా! వై యూ నెవర్ టెల్ మీ? నిన్న రాత్రి నేను అడిగేను కదా, పెదనాన్న ఎలా ఉన్నాడని! నువ్వు నాకు చేప వేపి పెట్టి, ఓకే లా అన్నావు! హౌ కెన్ యూ?"

"పెద్ద కప్పని నువ్వే కదరా చెప్పేవు ఆయనకి!" మీనా కూడా అరిచేసింది. "నీ పెద్ద కప్పు అయ్యేదాకా చెప్పొద్దని ఒట్టేయించుకున్నారు. నేనేం చెయ్యను? ఇది ఆ కప్పు కాదని నాకు ఎవరు చెప్పేరు?"

జట్టు జట్టంతా బొమ్మల్లా నిలబడింది. వాళ్ళకి తెలుగు రాదు గాని ఏదో పెద్దదే జరిగిందని తెలిసింది.

"హీ వాజ్ సో హ్యాపీ," అన్నాడు చైతు చివరికి. "నేను జస్ట్... ఆయన అంత హ్యాపీగా అడిగేడు. లేదని చెప్పలేకపోయేను." కళ్ళు తుడుచుకోవడం కూడా తెలియడం లేదు వాడికి.

"నాకు ఇందాకే తెలుసురా," అన్నాడు వీరభద్రరావు. "హాఫ్‌టైమ్‌కే తెలుసు. చెప్పలేదు. ఆట పోనీ, కప్పు పోనీ. గేటు దగ్గర టాక్సీ ఉంది, అమ్మతో వెళ్ళు." అని హఫీజ్ వైపు తిరిగి చైతు బదులు దిగమని సైగ చేశాడు.

నాలుగో క్వార్టర్ చైతు లేకుండా మొదలైంది. అప్పుడే మీనా చేతిలో ఫోన్ మోగింది. ఈసారి ఆవిడ తీసి స్పీకర్ పెట్టింది.

"ఎక్కడున్నారు?" ఓబయ్య.

"వాడికి చెప్పేసేం. బయల్దేరుతున్నాం."

"రాకండే. బ్రిడ్జి మీద బళ్ళు చీమంత కదలట్లేదట, శనివారం కదా. నడిచొచ్చినా ఇమిగ్రేషన్ దగ్గర గంటలు గంటలు." గొంతు తగ్గించాడు. "అంతవరకూ ఉండడే మీనా. వాణ్ణి ఫోన్‌లో మాట్లాడమను. ఇదిగో, అన్నయ్య చెవి దగ్గర పెడుతున్నాను."

చైతు ఫోన్ లాక్కున్నాడు. "పెదనాన్నా!"

అవతల ఊపిరి. లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి, మధ్యలో చాలా దూరం. తర్వాత ఆ గొంతు వచ్చింది. "గెలిచేవేటిరా?"

"లేదు. ఇంకా అవలేదు. పెదనాన్నా, నేను అబద్ధం చెప్పేను. ఇది ఛాంపియన్‌షిప్ కాదు. మేం దానికి ఎక్కలేదు. ఇది ప్లేట్. సెకండ్ టోర్నమెంట్. ఎక్కనోళ్ళు ఆడేది. నువ్వు అడిగినప్పుడు నేను... సారీ పెదనాన్నా. సారీ."

ఊపిరి. చైతు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. మీనా వాడి భుజం పట్టుకుంది.

"ఫైనలేనా?"

"ఫైనలే."

"ఎంతున్నాది?"

చైతు బోర్డు వైపు చూశాడు. హఫీజ్ బంతి పోగొట్టుకున్నాడు, ఈస్ట్‌పాయింట్ వాళ్ళు వరసగా రెండు వేశారు. "మూడు వెనక."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే. బెంచీ దగ్గర."

"బెంచీ దగ్గర నీకేటి పనిరా?"

"నీ దగ్గరకి వస్తాను పెదనాన్నా."

"తరవాత వద్దువు గాని." మళ్ళీ ఊపిరి. ఈసారి ఇంకా దూరం. "ఆడు. నాకు ఇనిపించు."

చైతు మోచేత్తో మొహం తుడుచుకుని ఫోన్ తల్లి చేతిలో పెట్టాడు. "అమ్మా, కట్ చెయ్యొద్దు. ఏం జరిగితే అది చెప్తూ ఉండు ఆయనకి. డోంట్ స్టాప్."

"నాకీ ఆట తెలీదురా!"

"నెవర్ మైండ్. చూసింది చెప్పు." కోచ్ వైపు తిరిగాడు. "కోచ్, పుట్ మీ బ్యాక్."

వీరభద్రరావు వాణ్ణి దింపాడు. వద్దనడానికి ఆయనకి మొహం చెల్లలేదు.

ఇన్నేళ్ళూ ఏ రింగు ఎవరిదో తెలుసుకోని మీనా బెంచీ చివర నిలబడి, ఫోన్ చెవికీ నోటికీ మధ్య పట్టుకుని మొదలుపెట్టింది. "బావగారూ, మనోళ్ళు పసుపు చొక్కాలు. చైతు లోపలికి వెళ్ళేడు. బంతి వాడి దగ్గరే ఉన్నాది."

"ఊఁ," అంది ఫోన్.

"ఒక పొడుగోడు అడ్డం వచ్చేడు. చైతు వాడి పక్కనించి... అబ్బో, వెళ్ళిపోయేడు! వేసేడు బావగారూ! పడింది!"

"ఊఁ."

కథ చెప్పేవాళ్ళకి ఊఁ కొట్టేవాళ్ళుంటే చాలు, మాట దానంతటదే వస్తుంది. మీనాకి కూడా అలాగే వచ్చింది. ఎవరు తోశారు, ఎవరు పడ్డారు, రిఫరీ ఎవరి వైపు చెయ్యెత్తాడు, అన్నీ చెప్పుకుపోయింది. వీరభద్రరావు పక్కన నిలబడి తెలియని మాట అందిస్తున్నాడు. మధ్యలో ఓబయ్య గొంతు వచ్చింది. "నవ్వుతున్నాడే మీనా. కళ్ళు మూసుకునే నవ్వుతున్నాడు. చెప్పు, చెప్పు." ఆవిడ ఏడుస్తూనే చెప్పింది, నవ్వుతూనే చెప్పింది. ఒకటి వెనక. సమానం. మళ్ళీ ఒకటి వెనక. ప్రతి మాటకీ అటునుంచి ఊఁ వస్తూనే ఉంది, కాకపోతే ఒక్కోసారి కాస్త ఆలస్యంగా.

ఇంక ఆట అయిపోవస్తోంది. చైతు బంతితో గాల్లోకి లేచాడు. ఈస్ట్‌పాయింట్ పొడుగోడు వాడి చెయ్యి మీద కొట్టాడు. విజిల్.

"రెండు ఫ్రీ త్రోలమ్మా," అన్నాడు వీరభద్రరావు. "ఎవరూ అడ్డం రారు. వాడొక్కడే గీత దగ్గర నిలబడి వెయ్యాలి. రెండూ పడితే మనమే."

"బావగారూ, రెండు ఉన్నాయట. ఎవరూ అడ్డం రారట. రెండూ పడితే మనదే కప్పు!"

ఊఁ రాలేదు.

"బావగారూ?"

అవతల కుర్చీ జరిగిన చప్పుడు. ఎవరో నర్సు మలాయ్‌లో గబగబా ఏదో అంటోంది. తర్వాత ఓబయ్య, "అన్నయ్యా," అన్నాడు. ఇంకోసారి, "అన్నయ్యా," అన్నాడు. ఆ పిలుపు మీనాని కాదు. పక్కనే ఉన్న వీరభద్రరావుకి కూడా వినబడింది. ఆయన రెండు చేతులతో తల పట్టుకున్నాడు.

హాలంతా చైతు మొదటి త్రో కోసం నోరు మూసుకుంది. గీత దగ్గర నిలబడిన చైతు రింగు వైపు చూడలేదు. తల్లి వైపు తిరిగాడు. కనుబొమలు ఎగరేసి, చెవి దగ్గర చెయ్యి పెట్టి అడిగాడు. వింటున్నాడా?

బుధవారం నుంచీ ఈ కొడుకు మొహంలోకి చూసి అబద్ధం చెప్పీ చెప్పీ అలిసిపోయింది ఆవిడ. గంట కూడా కాలేదు, ఇంక ఒట్టూ లేదు గిట్టూ లేదు అని తనే అని. వాడు ఇంకా చూస్తూనే ఉన్నాడు. రిఫరీ బంతి అందించబోతున్నాడు.

మీనా కొడుకు మీంచి చూపు తిప్పుకోలేదు. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుంది. గీత దాకా వినపడేంత గట్టిగా అంది.

"బంతి చైతు చేతికి వస్తున్నాది బావగారూ. ఊఁ కొట్టండి."